పద్నాలుగో నంబరు కాగితం

శిక్షణకు వచ్చిన కుర్రకారంతా కలిసి ఆవిడకు పెట్టిన పేరు గంటమ్మ. ఎదురుగా మేడమ్ అనేవారు, వెనక్కి తిరిగితే గంటమ్మే. కారణం లేకపోలేదు. ఎవరైనా లేచి మాట్లాడడం మొదలుపెట్టి మూడు నిమిషాలు దాటిందంటే చాలు, బల్ల మీది ఇత్తడి గంట ఠంగున మోగేది. అవతలివాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుని చెబుతున్నా సరే, దేశాన్ని ఉద్ధరించేస్తున్నా సరే, గంట గంటే. "మూడు నిమిషాల్లో చెప్పలేనిది ముప్పై నిమిషాలిచ్చినా చెప్పలేరు, కూర్చోండి" అనేది. ఆ పేరు సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి లోపల్లోపల కాస్త మురిసిపోయేది కూడా.

పోస్టాఫీసులో కౌంటరు దగ్గర ఉద్యోగం ఆవిడది. ఏటా ఐదు రోజులు సెలవు పెట్టి మరీ ఈ శిక్షణ నడిపేది. సంగతేమిటంటే, ఆ ఊరి నుంచి ఏడాదికి కొందరిని ఎంపిక చేసి ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాం కింద పరాయి దేశానికి పంపుతారు. అక్కడ ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో ఏడాదిపాటు ఉండి చదువుకుని తిరిగొస్తారు. వచ్చి ఏం చేస్తారు? ఏమీ చెయ్యరు. ఆరు నెలలు అక్కడి కబుర్లతో అందరి చెవులూ తినేస్తారు, ఏడాదికోసారి కలిసి గ్రూపు ఫోటో దిగుతారు, అక్కడితో సరి. గంటమ్మ కూడా ఒకప్పుడు అలా వెళ్లొచ్చిన మనిషే. "ఊరు మనల్ని పంపింది, మనం ఊరికి వెలగబెట్టిందేమిటి?" అని ఆ వెళ్లొచ్చినవాళ్ల సంఘంలో మొదట గొడవ పెట్టుకున్నది ఆవిడే. ఆ పోరు పడలేక సంఘంవాళ్లు ఈ శిక్షణ మొదలుపెట్టి, దాన్ని ఆవిడ నెత్తినే రుద్దారు.

పద్ధతి ఇదీ. పరాయి దేశం వెళ్లొచ్చి శిక్షణలో చేరిన ప్రతివాళ్లూ ఊరికి పనికొచ్చే ఒక సేవా కార్యక్రమం ఆలోచించాలి. ఐదో రోజున ఊళ్లో నలుగురినీ పిలిచి, వాళ్ల ముందు నిలబడి మూడు నిమిషాల్లో దాన్ని చెప్పాలి. ముగ్గురు పెద్దలు కూర్చుని ఒకదాన్ని ఎంచుతారు. ఎంచిన దానికి లైబ్రరీ మేడ మీద గది ఏడాదిపాటు ఇస్తారు, సంఘంలో ఉన్నవాళ్లంతా వారానికి రెండు గంటలు వచ్చి ఆ పనికి చెయ్యి వెయ్యాలి. మాటలు చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు.

అయితే ఊళ్లోవాళ్లను కదిలించడం ఎలా? దానికి గంటమ్మ దగ్గరొక మందు ఉంది. "లెక్కలు చెప్పకండి. ఒక్క మనిషిని చూపించండి. ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి ఏం చేస్తాడో కళ్లకు కట్టేలా చెప్పండి, జనం వాళ్లంతట వాళ్లే మీ వెనక వస్తారు" అనేది. మూడో రోజున అందరూ తమ కథను కాగితం మీద టైపు చేసి, పేరు లేకుండా, నంబరు మాత్రం వేసి గోడకు అంటించాలి. పేరుంటే మొహమాటాలు వస్తాయని ఆవిడ భయం. ఆవిడ ఎర్ర కలం పట్టుకుని గోడ వెంట నడుస్తూ ఎక్కడ పస లేదో అక్కడ రాసేది. తర్వాత ఎవరి కాగితం వాళ్లు ఎప్పుడో గోడ దగ్గర ఎవరూ లేనప్పుడు తీసుకుని, తిరగరాసి, నేరుగా వేదిక మీదికి ఎక్కడమే.

ఆ ఏడాది వచ్చిన ఇరవై ఆరుగురిలో ఆవిడ సొంత చెల్లెలు చిట్టి కూడా ఉంది. చెల్లెలంటే మాటవరసకు చెల్లెలు గానీ, పెంచింది గంటమ్మే. తల్లి పోయేనాటికి చిట్టికి పదేళ్లు. అప్పటికి గంటమ్మకు పెళ్లయి మూడేళ్లు. పిల్లను తెచ్చి ఇంట్లో పెట్టుకుంటానంటే మొగుడు ఏమంటాడో అని భయపడుతూ అడిగింది. ఆయన చేతిలోని కుంచె కింద పెట్టకుండానే, "ఇందులో అడగడానికేముంది, రేపే తీసుకురా" అన్నాడు. ఆ మర్నాటి నుంచి చిట్టి పెద్ద చదువుకు వెళ్లేదాకా స్కూలుకు సైకిలు మీద దింపింది ఆయనే. చిట్టికి బావంటే ప్రాణం. పద్దెనిమిదేళ్లు నిండగానే ఎక్స్‌ఛేంజ్‌కి దరఖాస్తు పెట్టించింది అక్క. వెళ్లింది, ఏడాది ఉంది, వచ్చింది. ఇప్పటికీ వాళ్లింట్లోనే ఉంటోంది. ఈ ఐదు రోజులు మాత్రం అందరితోపాటు శిక్షణ జరిగే చోటే బస.

బావ బోర్డులు రాసే పెయింటర్. ఊళ్లో ఆయన చెయ్యి పడని దుకాణం లేదు. మందుల షాపు, పంటి డాక్టరు, టైలరు, స్కూలు గేటు, అన్నీ ఆయనవే. యంత్రాల మీద అచ్చుకొట్టే బోర్డులు వచ్చాక తోటివాళ్లంతా పని మానుకున్నారు గానీ, ఈయన అక్షరానికి ఉన్న అందం దేనికీ రాదని జనం ఈయన దగ్గరికే వచ్చేవారు. ఒక నియమం ఉంది ఆయనకు. బోర్డు మీద ఏం రాయాలో నోటితో చెబితే ఒప్పుకోడు. నోటుబుక్కు ముందుకు తోసి, "నీ చేత్తో నువ్వే రాయి నాయనా. రేపు తప్పు పోతే నా మీద పడి ఏడవడానికి లేదు" అనేవాడు. ఎంత పెద్దమనిషి వచ్చినా అంతే. ఊళ్లో ఆ మాట అందరికీ నోటికొచ్చు. పని మీద ఎంత శ్రద్ధో చూడు అని మెచ్చుకునేవారు.

అసలు సంగతి ఏమిటంటే ఆయనకు చదవడం రాదు.

ఇన్నేళ్లుగా అక్షరాలు రాస్తూ చదవడం రాకపోవడం ఏమిటి, చెవిలో పూలు పెడుతున్నావా అంటారేమో. ఏడో ఏట బడి మాన్పించి మేనమామ రంగులు కలపడానికి పెట్టుకున్నాడు. అప్పటి నుంచి అక్షరం ఆయనకు బొమ్మ. ఏ వంపు ఎక్కడ తిరుగుతుందో బడిపంతుళ్ల కన్నా బాగా తెలుసు. దాన్ని ఏమని పలకాలో మాత్రం తెలియదు. కొన్ని మాటలు చూసి చూసి ఆనవాలు పట్టేవాడు, కొత్త మాట వస్తే అంతే సంగతులు. నోటుబుక్కులో ఉన్నదాన్ని గళ్లు గీసి పెద్దది చేసి గోడ మీదికి ఎక్కించేవాడు. ఆ రోజు నోటుబుక్కు ఇంటికి తెస్తే గంటమ్మ చదివి, తప్పులుంటే చెప్పేది. పెళ్లయిన వారానికే ఆయన తనంతట తాను చెప్పాడు. "నీకొక్కదానికే చెబుతున్నాను. ఇది బయటికి పొక్కితే ఈ ఊళ్లో నేను తలెత్తుకోలేను" అన్నాడు. నేర్పిస్తానని ఆవిడ ఎన్నిసార్లు అన్నా, ఇప్పుడీ వయసులోనా, ఊరుకో అని కొట్టిపారేసేవాడు. పదిహేనేళ్లు గడిచిపోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం గంటమ్మ ఎర్ర కలంతో గోడ వెంట నడుస్తూ పద్నాలుగో నంబరు దగ్గర ఆగింది. నాలుగే వాక్యాలు ఉన్నాయి. "నాకొక మనిషి తెలుసు. ఆయనకు చదవడం రాదు. ఆ సంగతి దాచుకుంటూ బతుకుతున్నాడు. ఇలాంటి పెద్దవాళ్లకు సాయంత్రాలు చదువు చెప్పే తరగతి పెట్టాలని నా ఆలోచన."

ఈ ఊళ్లో మరో ఇంట్లో కూడా ఇదే గుట్టు ఉందన్నమాట! మరో ఆడది, మరో మొగుడు, మరో నోటుబుక్కు. ఎంతో కాలం గుట్టుగా మోసిన బరువుకు ఇంకొకరు చెయ్యి వేసినట్టు అనిపించింది. ఎవరి పిల్లో, ఎవరి పిల్లాడో గానీ చల్లగా ఉండాలి అనుకుంది. అంత మంచి ఆలోచన ఇంత చప్పగా చెబితే గోవిందా, పెద్దలు పక్కన పడేస్తారు. కలం తీసి రాసింది: "ఎవరీ మనిషి? ఏం పని చేస్తాడు? ఎలా దాస్తాడు? కళ్లకు కట్టే ఒక్క సంగతి చెప్పు. నువ్వే దాస్తుంటే వినేవాళ్లు ఎలా నమ్ముతారు?" చివరి వాక్యం కింద రెండు గీతలు కూడా గీసింది.

నిజానికి అంతకు ముందురోజు ఒక పాఠం ఉండాలి. ఒకరి కథ చెప్పే ముందు వాళ్ల అనుమతి ఎలా అడగాలి అన్నది. ప్రతి ఏడూ చెప్పేది. ఈసారి భోజనాలు ఆలస్యమై, వేదిక మీద నిలబడే అభ్యాసానికి టైము చాలదని, "అది రేపు చూద్దాం" అని పక్కన పెట్టింది. రేపు కూడా కుదరలేదు. ఎవరూ అడగలేదు, ఆవిడా మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి పెయింటర్ పెరట్లో రేకుల షెడ్డు కింద బట్ట పరిచి, ఐదో రోజు వేదికకు బ్యానరు రాస్తున్నాడు. ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా అక్కడే మోకాళ్ల మీద కూర్చుంది.

"ఏవండీ, ఒక మాట. మన బ్యాచ్‌లో ఎవరింట్లోనో మీలాంటి ఆయన ఒకరున్నారు."

"నాలాంటి అంటే?" అన్నాడు తలెత్తకుండా. తర్వాత అర్థమై తలెత్తాడు. "ఎవరు?"

"తెలీదు. కాగితాల మీద పేర్లుండవు కదా. సాయంత్రాలు పెద్దవాళ్లకి క్లాసు పెడతారట."

ఆయన కుంచె డబ్బాలో పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "మగాడేనా?"

"మగాడే."

"ఏం పని చేస్తాడో?"

"అదే రాయమన్నాను. ఎల్లుండి తెలుస్తుంది."

బట్ట మీద ఒక అక్షరం చుట్టూ వేలితో గాలిలో గీస్తూ కూర్చున్నాడు. "ఒక్కణ్ణే వెళ్లి పిల్లల్లా బల్ల ముందు కూర్చోమంటే సిగ్గేస్తుంది గానీ, ఇంకొకడుంటే... ఇద్దరం కలిసి వెళ్లొచ్చు కదూ? ఎల్లుండి నేనూ వస్తాను మేడంగారూ. వెనకాల నిలబడి వింటాను. ఆ మనిషెవరో చూడాలని ఉంది" అన్నాడు.

పదిహేనేళ్లలో మొదటిసారి. గంటమ్మ కళ్లు చెమర్చాయి. "అలాగే రండి" అని గబగబా లోపలికి వెళ్లిపోయింది, ఎక్కువ సంతోషపడితే ఆయన వెనక్కి తగ్గుతాడేమోనని.

ఐదో రోజు హాలు నిండిపోయింది. దుకాణాలవాళ్లు, స్కూలు టీచర్లు, పోస్టాఫీసు నుంచి ఆవిడతో పనిచేసేవాళ్లు, కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. వేదిక వెనక పెయింటర్ రాసిన బ్యానరు నీలం అక్షరాలతో మెరిసిపోతోంది. పెయింటర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనక తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గంటమ్మ మొదటి వరసలో చివర, బల్ల మీద గంట పెట్టుకుని కూర్చుంది.

పదమూడు మంది అయ్యారు. "నంబరు పద్నాలుగు" అని సంఘం కార్యదర్శి పిలిచాడు. గంటమ్మ ఆత్రంగా వెనక్కి తిరిగి చూసింది.

లేచింది చిట్టి.

గంటమ్మ గంటను దగ్గరికి లాక్కుంది. కాదు కాదు, ఇంకెవరి గురించో అయి ఉంటుంది, స్నేహితురాలి నాన్నో ఎవరో అయి ఉంటారు అనుకుంది. అంత తెలివితక్కువది కాదు చిట్టి, అంత చెడ్డది అసలే కాదు.

చిట్టి మైకు ముందు నిలబడి, అక్క నేర్పినట్టే, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి మొదలుపెట్టింది.

"మా ఇంట్లో ఒకాయన ఉన్నారు. నన్ను పదో ఏట నుంచి పెంచారు. ఆయన అక్షరం పడని వీధి ఈ ఊళ్లో లేదు. మీలో సగం మంది ఆయన దగ్గరికి వెళ్లే ఉంటారు. వెళ్లగానే ఆయన నోటుబుక్కు ముందుకి తోసి ఏమంటారు?" అని నవ్వి, గొంతు కాస్త బొంగురు చేసింది. "నీ చేత్తో నువ్వే రాయి నాయనా. రేపు తప్పు పోతే నా మీద పడి ఏడవడానికి లేదు."

హాలంతా నవ్వింది. తెలిసిన మాట కదా. చాలామంది మెడలు తిప్పి తలుపు వైపు చూసి మరీ నవ్వారు. పెయింటర్ కూడా నవ్వాడు. తనను పొగుడుతోందనుకున్నాడు పాపం.

"ఆయన ఎందుకలా అంటారో మీకు తెలుసా?" అంది చిట్టి. "ఆయనకి చదవడం రాదు."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. గంటమ్మ చెయ్యి గంట మీదే ఉంది. మోగించాలి. ఇప్పుడే మోగించాలి. ఒక్క దెబ్బ కొడితే ఆగుతుంది. కానీ కొట్టలేకపోయింది. చిట్టి చెప్పుకుంటూ పోతోంది. గళ్లు గీసి అక్షరాలను ఎలా దింపుతారో, ఏడో ఏట బడి ఎలా మాన్పించారో, నోటుబుక్కు ఇంటికి తెస్తే ఎవరు చదివి పెడతారో. అన్నీ గంటమ్మ తన నోటితో చెప్పినవే. ఒక్క పొల్లు పోలేదు. "నా వెనకున్న బ్యానరు చూడండి. ఎంత అందంగా ఉందో. రాసినాయనకి అందులో ఏముందో తెలీదు" అంది చిట్టి, గొంతు వణుకుతుండగా. ఆ వణుకు నటన కాదు, ఆ పిల్ల నిజంగానే ఏడుస్తోంది. ఆ కన్నీళ్లను చూసి గంటమ్మకు ఒళ్లు మండిపోయింది.

గంట మోగింది. ఆవిడే మోగించింది, ఎప్పుడు మోగించిందో ఆవిడకే తెలియదు. అప్పటికి చిట్టి చెప్పాల్సిందంతా చెప్పేసింది. జనం టైము అయిపోయిందనుకుని చప్పట్లు మొదలుపెట్టారు. హాలు దద్దరిల్లిపోయింది. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంటోంది. గంటమ్మ తల తిప్పి తలుపు వైపు చూసింది.

పెయింటర్ పారిపోలేదు. అందరూ తననే చూస్తున్నారు. ఏం చేస్తాడు? రెండు చేతులూ ఎత్తి తనూ చప్పట్లు కొట్టాడు. చప్పట్లు ఆగేదాకా కొడుతూనే ఉన్నాడు.

టీ విరామంలో గంటమ్మ జనాన్ని తోసుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లేలోపే మందుల షాపాయన అందుకున్నాడు. మంచివాడే, ఎవరికీ కీడు తలపెట్టని మనిషి. పెయింటర్ భుజం మీద చెయ్యేసి, "మా షాపు బోర్డు కూడా అలాగే రాశావటయ్యా? ఔరా! ఏమైనా నీ చేతికి దణ్ణం పెట్టాలి" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. గోడ మీదున్న కార్యక్రమాల పట్టీ దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "ఇది టీ... వి... రా... మం. చూశావా, ఏం కష్టం కాదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముచ్చటగా చూశారు. పంటి డాక్టరు దగ్గరికొచ్చి, "రేపటి బోర్డు సంగతి, తొందరేం లేదులే. రాశాక మా కాంపౌండరు ఒకసారి చూసుకుంటాడు, అప్పుడే పైకెక్కిద్దాం" అని మెల్లగా చెప్పి వెళ్లాడు. పదేళ్లుగా ఆయన బోర్డులు ఎవరూ చూసుకోకుండానే పైకెక్కాయి.

"ఏవండీ" అంది గంటమ్మ.

ఆయన ఆవిడ వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఆవిడ ఎవరో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూశాడు. "పనుంది" అని బయటికి నడిచాడు.

విరామం తర్వాత ఫలితం చెప్పారు. వేరే చెప్పాలా, చిట్టిదే. కార్యదర్శి మైకులో, "ఇదంతా మన మేడమ్ శిక్షణ ఫలితం" అని గంటమ్మను పైకి పిలిచాడు. ఆవిడ కదల్లేదు. మొహమాటపడుతోందనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. "మొదటి విద్యార్థిగా పెయింటర్ గారు వేదిక మీదికి రావాలి, పేపరువాళ్లు ఫోటో తీస్తారు" అని కూడా పిలిచాడు. వెతికారు. ఆయన లేడు.

చిట్టిని కుర్చీలు పేర్చే గదిలోకి చెయ్యి పట్టి లాక్కెళ్లి తలుపు వేసింది గంటమ్మ.

"ఏం చేశావే నువ్వు?"

"ఏం చేశానక్కా? పేరు చెప్పలేదుగా."

"పేరు వేరే చెప్పాలా? ఈ ఊళ్లో బోర్డులు రాసేవాడు ఇంకెవడున్నాడే? ఆయన్ని నిలువునా బజారున పెట్టావు కదే!"

చిట్టి తగ్గలేదు. "నేను ముందు అలా రాయలేదు. ఒక మనిషి అని మాత్రమే రాశాను. ఎవరీ మనిషి, ఏం పని చేస్తాడు, ఎలా దాస్తాడు అని ఎర్ర సిరాతో అడిగిందెవరు? నువ్వు కాదూ? కింద రెండు గీతలు కూడా గీశావు. అది బావ గురించని నీకు తెలిసే రాశావనుకున్నాను. నీ నోటితో చెప్పలేక నాతో చెప్పిస్తున్నావనుకున్నాను."

గంటమ్మ గోడకు ఆనుకుంది. ఒక్క క్షణం ఆ పిల్ల చెప్పింది నిజమేనేమో అనిపించింది. "మరి నిన్న అంతా నాతోనే ఉన్నావుగా. ఇలా చెప్పబోతున్నానక్కా అని ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే వద్దనేదానివి."

"తెలిసే రాశాననుకున్నావా, వద్దంటాననుకున్నావా? రెండూ ఎలా కుదురుతాయే?"

చిట్టి తల దించుకుంది. బయట ఎవరో ఆ పిల్ల కోసం పిలుస్తున్నారు. "గెలవాలనుకున్నానక్కా" అంది చివరికి. "అందరివీ మంచి కథలే ఉన్నాయి. నా దగ్గర ఇదొక్కటే ఉంది. క్లాసు వస్తే బావకే కదా మంచిది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను."

"అది నీది కాదే! నాది కూడా కాదు!" అని అరిచింది గంటమ్మ. అరిచాక తెలిసింది తను ఏమందో. తనది కానిదాన్ని ముందు చేతులు మార్చింది ఎవరు? నాలుగేళ్ల కిందట పరాయి దేశంలో ఆ పిల్ల ఫోన్‌లో వెక్కివెక్కి ఏడ్చింది. ఒక్క బోర్డూ అర్థం కావడం లేదక్కా, అందరూ నన్ను చూసి నవ్వుతున్నట్టుంది, వచ్చేస్తానక్కా అని. ఆ ఏడుపు వినలేక, "పిచ్చిదానా, మీ బావ సొంత ఊళ్లోనే పుట్టినప్పటి నుంచి అలా బతుకుతున్నాడు, నువ్వు ఏడాది ఉండలేవా?" అనేసింది. పిల్ల ఏడుపు టక్కున మానేసింది. ఆ తర్వాత అడిగినవన్నీ చెప్పింది. ప్రేమతోనే చెప్పింది. అదే మాట ఇప్పుడు చిట్టి కూడా అంటోంది.

ఇంటికి వెళ్లేసరికి ఎండ ఇంకా ఉంది. పెయింటర్ షెడ్డులో కూర్చుని కుంచెలు కిరసనాయిలులో కడుగుతున్నాడు. ఇస్త్రీ చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. గంటమ్మ ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. కాగితం మీద పేరు లేకపోవడం, ఎర్ర సిరాతో తను అడిగినవి, చెప్పకుండా వదిలేసిన పాఠం, ఏదీ దాచలేదు.

అంతా విని, "అది కాదు నేనడిగేది. దానికి ఎవరు చెప్పారు?" అన్నాడు.

"నేనే."

"ఎప్పుడు?"

"అది అక్కడికి వెళ్లిన కొత్తలో. ఏడుస్తుంటే..."

"అంటే నాలుగేళ్లు." ఆయన కుంచెను వేళ్ల మధ్య పిండాడు. "అక్కణ్ణించి వచ్చాక పొద్దున్నే పేపరు గట్టిగా చదవడం మొదలెట్టింది. బావా ఇది విను, బావా అది విను అని. బయటి దేశం వెళ్లొచ్చి నా మీద ప్రేమ ఇంకా పెరిగిందనుకున్నాను. నేను రెండో కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, ఆ వార్త ఇందాకే చూశాలేవే అనేవాణ్ణి. పిల్ల ముందు పరువు పోకూడదని. నువ్వు ఆ పక్కనే ఉండేదానివి."

గంటమ్మ తల వంచుకుని నేల మీది రంగు మరకను గోటితో గీకింది.

"దానికి తెలుసు. నీకు తెలుసు. నేను అబద్ధమాడుతుంటే ఇద్దరూ చూస్తూ కూర్చునేవాళ్లు. రోజూ. మూడేళ్లు." గొంతు పెంచలేదు. "ఇవాళ ఆ హాల్లో జరిగింది ఒక్కరోజే. ఊరన్నాక నాలుగు రోజులు నవ్వుకుని మర్చిపోతారు. అది కాదు."

"తప్పైపోయిందండీ. కాళ్లు పట్టుకుంటాను. మీరు ఆ క్లాసుకి వెళ్లొద్దు. నేనే నేర్పిస్తాను. తలుపేసుకుని, మనిద్దరమే, ఎవరికీ తెలీకుండా."

"మనిద్దరమే అనుకున్నది పదిహేనేళ్ల కిందట" అన్నాడు. కుంచెలన్నీ కడగడం అయింది. ఒక్కొక్కటే బట్టతో తుడిచి వరసగా పెట్టాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "నేర్చుకుంటాను. ఆ మాట మీదే ఉన్నాను, అది మాత్రం మీ ఇద్దరూ చెడగొట్టలేరు. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది నా ఇష్టం. చదవడం వచ్చిన రోజున ఎవరికీ చెప్పను. నీకు అసలే చెప్పను. నాకు చదవడం వచ్చిందో రాలేదో నీకు ఎప్పటికీ తెలీదు."

అనేసి చొక్కా తీసుకుని లోపలికి వెళ్లాడు. గంటమ్మ షెడ్డులోనే కూర్చుండిపోయింది. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఆవిడకిచ్చిన మాట ఒక్కటి కూడా తప్పలేదు.